సంబంధాల పటం: కంప్యూటర్‌లో గీయడం, తిప్పి చూడడం, మార్చుకోవడం



జోగిపేట హాస్టల్లో చదువుకొని బయటికి వెళ్లిన మేము ఈ వార్షికోత్సవ సంచికలో మీకు పనికొచ్చే ఒక పాఠం రాయాలనుకున్నాం. పరీక్షల పాఠాలు చెప్పడానికి మీకు సార్లు, మేడమ్‌లు ఉన్నారు. కాబట్టి పాఠ్యపుస్తకాల్లో అంతగా కనిపించని, ఆఫీసుల్లోనూ కంపెనీల్లోనూ రోజూ వాడుతున్న ఒక విషయాన్ని ఎంచుకున్నాం. దాని పేరు సంబంధాల పటం. కంప్యూటర్ వాళ్లు దీన్ని నెట్‌వర్క్ గ్రాఫ్ అంటారు. సంబంధం అనగానే పెళ్లి సంబంధం అనుకొని నవ్వకండి. ఇది మనుషులకు, ఊళ్లకు, సంస్థలకు మధ్య ఉండే ఏ సంబంధమైనా కావచ్చు.

సంబంధాల పటం అంటే ఏమిటి?

లెక్కల్లో మీరు గీసే గ్రాఫ్‌కు అడ్డంగా ఒక అక్షం, నిలువుగా ఒక అక్షం ఉంటాయి. ఈ పటానికి అక్షాలు ఉండవు. ఇందులో ఉండేవి రెండే: బిందువులు, గీతలు. మనిషి, ఊరు, బడి, కంపెనీ ఇవన్నీ బిందువులు. ఒకదానికీ మరొకదానికీ సంబంధం ఉంటే వాటి మధ్య ఒక గీత. బిందువును నోడ్ అని, గీతను ఎడ్జ్ అని అంటారు. ఒక బిందువుకు ఎన్ని గీతలు తగిలితే అంత దాని డిగ్రీ.

కాగితం మీద గీసిన పటం కదలదు. కంప్యూటర్‌లో గీసిన పటాన్ని దగ్గరికి లాగి చూడవచ్చు, బిందువులను జరపవచ్చు, రంగులు మార్చవచ్చు, కొన్నింటిని దాచి కొన్నింటినే చూపించవచ్చు. ఈ పాఠంలో మేము చెప్పదలచుకున్నది రెండు విషయాలు. ఒకటి, ఆ పటాన్ని ఎలా నడపాలి. రెండు, పటం చూపించినదంతా నిజమని నమ్మకుండా "ఈ గీత ఎందుకు గీశారు?" అని ఎలా అడగాలి. రెండోది రాకపోతే మొదటిది వచ్చినా లాభం లేదు.

హాస్టల్ పిల్లల మీద గీసిన పటం

ఇలాంటి పటాల్లో పేరు పొందిన తొలి పటాలలో ఒకటి, మనలాగే ఇంటికి దూరంగా ఉండి చదువుకునే పిల్లల గురించి గీసినదే. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ అనే చోట ఆడపిల్లలకు ఒక ఆశ్రమ పాఠశాల ఉండేది. 1932లో రెండు వారాల వ్యవధిలో అక్కడి నుంచి 14 మంది అమ్మాయిలు పారిపోయారు. జేకబ్ మొరెనో అనే వైద్యుడు, హెలెన్ జెన్నింగ్స్ అనే సహచరురాలితో కలిసి, ఆ పిల్లల మధ్య స్నేహాలు ఎలా ఉన్నాయో అడిగి తెలుసుకొని పటం గీశాడు. పారిపోవాలనే ఆలోచన ఒకరి నుంచి ఒకరికి స్నేహాల దారిలోనే పాకిందని ఆయన వివరించాడు. ఆ పిల్లల స్వభావం ఒక్కటే చూస్తే తెలియని సంగతి, ఎవరికి ఎవరు దగ్గరో చూస్తే తెలిసింది. 1934లో ఆయన దీన్ని పుస్తకంగా ప్రచురించాడు.

ఆ రోజుల్లో ఆయన చేత్తో గీశాడు. ఈ రోజు అదే పనికి గెఫీ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఫ్రాన్స్‌లోని కాంపియేన్ సాంకేతిక విశ్వవిద్యాలయం విద్యార్థులు దీన్ని మొదలుపెట్టారు. ఇది పూర్తిగా ఉచితం. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ పనిచేస్తుంది. ఇన్‌స్టాల్ చేసుకోకుండా ఇంటర్నెట్ బ్రౌజర్‌లోనే వాడుకునే గెఫీ లైట్ అనే చిన్న రూపం కూడా ఉంది.

మన ఉదాహరణ: జోగిపేట నుంచి కంది దాకా

పాఠానికి పక్క దేశం ఉదాహరణ ఎందుకు? మన ఊరి చరిత్రే తీసుకుందాం. నిజాం రాజ్యంలో తెలుగువారి హక్కుల కోసం ఏర్పడిన ఆంధ్ర మహాసభ మొట్టమొదటి సమావేశం 1930 మార్చిలో మన జోగిపేటలోనే జరిగింది. గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి గారు దానికి అధ్యక్షులు. 1944 భువనగిరి సభ తర్వాత మహాసభ రెండుగా చీలింది. అందులో ఒక వర్గం 1946లో కందిలో సభ జరిపింది. ఈ రోజు ఐఐటీ హైదరాబాద్ ఉన్న కంది అదే. ఎవరు ఎక్కడ అధ్యక్షత వహించారో 13 వరుసలుగా రాసుకుందాం.

1930 – జోగిపేట – సురవరం ప్రతాపరెడ్డి
1931 – దేవరకొండ – బూర్గుల రామకృష్ణారావు
1934 – ఖమ్మం – పులిజాల వెంకటరంగారావు
1935 – సిరిసిల్ల – మాడపాటి హనుమంతరావు
1936 – షాద్‌నగర్ – కొండా వెంకట రంగారెడ్డి
1937 – నిజామాబాద్ – మందుముల నరసింగరావు
1940 – మల్కాపురం – మందుముల రామచంద్రరావు
1941 – చిలుకూరు – రావి నారాయణరెడ్డి
1942 – ధర్మవరం – మాదిరాజు రామకోటేశ్వరరావు
1943 – హైదరాబాద్ – కొండా వెంకట రంగారెడ్డి
1944 – భువనగిరి – రావి నారాయణరెడ్డి
1945 – ఖమ్మం – రావి నారాయణరెడ్డి
1946 – కంది – జమలాపురం కేశవరావు

వీరిలో బూర్గుల గారు 1952లో హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. అదే 1952 ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి గారు నల్లగొండ నుంచి లోక్‌సభకు, నెహ్రూ గారి కంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు. రంగారెడ్డి జిల్లాకు ఆ పేరు కొండా వెంకట రంగారెడ్డి గారి వల్లనే వచ్చింది.

పట్టికలు తయారు చేయడం

కంప్యూటర్‌కు రెండు పట్టికలు ఇవ్వాలి. ఎక్సెల్ గానీ లిబ్రే ఆఫీస్ గానీ ఏదైనా సరిపోతుంది.

మొదటిది బిందువుల పట్టిక. ఇందులో మూడు నిలువు వరుసలు: ఐడీ, లేబుల్, రకం. ఐడీ అంటే మన రోల్ నంబరు లాంటిది. మనుషులకు వ1, వ2, వ3 అని, ఊళ్లకు ఊ1, ఊ2, ఊ3 అని ఇద్దాం. లేబుల్ అంటే తెర మీద కనిపించే పేరు. రకం దగ్గర "వ్యక్తి" లేదా "ఊరు" అని రాయాలి. పై జాబితాలో 10 మంది వ్యక్తులు, 12 ఊళ్లు ఉన్నాయి. మొత్తం 22 బిందువులు.

రెండోది గీతల పట్టిక. ఇందులో సోర్స్, టార్గెట్, సంవత్సరం, పని అనే నాలుగు నిలువు వరుసలు. సోర్స్‌లో వ్యక్తి ఐడీ, టార్గెట్‌లో ఊరి ఐడీ, పని దగ్గర "అధ్యక్షత" అని రాయాలి. ఐడీ, లేబుల్, సోర్స్, టార్గెట్ అనే నాలుగు శీర్షికలను ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి, లేకపోతే గెఫీ గుర్తుపట్టదు. మిగతాదంతా తెలుగులో రాయవచ్చు. సేవ్ చేసేటప్పుడు సి.ఎస్.వి. రకం, యు.టి.ఎఫ్-8 ఎంచుకోవాలి. లేకపోతే తెలుగు అక్షరాలు పాడైపోతాయి.

ఐడీ ఎందుకు, పేరు చాలదా అని మీకు అనిపించవచ్చు. చాలదు. కొండా వెంకట రంగారెడ్డి గారిని చాలా పుస్తకాల్లో కె.వి. రంగారెడ్డి అని రాస్తారు. ఒక వరుసలో ఒకలా, మరో వరుసలో ఇంకోలా రాస్తే కంప్యూటర్ ఒక్క మనిషిని ఇద్దరిని చేస్తుంది. మందుముల నరసింగరావు, మందుముల రామచంద్రరావు ఇంటిపేరు ఒకటే, మనుషులు వేరు. ఊళ్ల సంగతీ అంతే. పై జాబితాలోని చిలుకూరు నల్లగొండ వైపుది, బాలాజీ గుడి ఉన్న చిలుకూరు కాదు. ధర్మవరం నిజాం రాజ్యంలోనిది, అనంతపురం వైపు ధర్మవరం కాదు. ఈ తేడాలు మనిషికి తెలుస్తాయి, యంత్రానికి మనమే చెప్పాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది.

గెఫీలో ఫైల్ మెనూలోకి వెళ్లి "ఇంపోర్ట్ స్ప్రెడ్‌షీట్" నొక్కి ముందు బిందువుల పట్టికను, తర్వాత గీతల పట్టికను ఎక్కించాలి. గీతల రకం దగ్గర "అన్‌డైరెక్టెడ్" ఎంచుకోవాలి, అంటే బాణం గుర్తు లేని గీత. రెండో పట్టిక ఎక్కించేటప్పుడు కొత్త వర్క్‌స్పేస్ కాకుండా, ఉన్నదానికే కలపమని చెప్పాలి. స్టాటిస్టిక్స్ భాగంలో "యావరేజ్ డిగ్రీ" నొక్కితే 1.182 రావాలి. 13 గీతలకు రెండు కొసలు చొప్పున 26 కొసలు, దాన్ని 22 బిందువులతో భాగించారన్నమాట. అంత వస్తే పట్టిక సరిగా ఎక్కినట్టే.

పటంలో తిరగడం

గెఫీలో పైన మూడు గదులు ఉంటాయి. ఓవర్‌వ్యూలో పటాన్ని చూస్తూ మార్చుకుంటాం. డేటా లేబొరేటరీలో పట్టికలు ఉంటాయి. ప్రివ్యూలో ముద్రణకు సిద్ధం చేస్తాం. ఓవర్‌వ్యూలో ఈ పనులు ముందు అలవాటు చేసుకోండి.

1. మౌస్ చక్రం తిప్పితే పటం దగ్గరికి వస్తుంది, దూరం పోతుంది.
2. మౌస్ కుడి బటన్ పట్టుకొని జరిపితే పటం మొత్తం జరుగుతుంది.
3. పటం ఎటో పోయి తెర ఖాళీ అయితే కంగారుపడవద్దు. తెర ఎడమ అంచున కింది వైపు భూతద్దం గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే పటం మళ్లీ మధ్యకు వస్తుంది.
4. కింద ఉన్న టి అక్షరం గుర్తు నొక్కితే పేర్లు కనిపిస్తాయి.
5. మౌస్‌ను ఒక బిందువు మీద ఉంచితే దానికి తగిలిన బిందువులు మాత్రం వెలుగుతాయి, మిగతావి మసకబారుతాయి. ఒక మనిషి చుట్టూ ఎవరున్నారో చూడడానికి ఇదే సులువైన దారి.

అమరిక, రంగు, సైజు

మొదట బిందువులన్నీ చెల్లాచెదురుగా పడి ఉంటాయి. లేఅవుట్ భాగంలో "ఫోర్స్ అట్లాస్ 2" ఎంచుకొని రన్ నొక్కండి. బిందువులన్నీ అయస్కాంతాల సమాన ధ్రువాల్లాగా ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. గీతలేమో రబ్బరు బ్యాండ్లలాగా దగ్గరికి లాగుతాయి. ఈ రెండు బలాలు సర్దుకున్నాక స్టాప్ నొక్కాలి. బిందువులు మరీ ఇరుకైతే స్కేలింగ్ పెంచాలి. జంటలు అంచులకు పారిపోతే గ్రావిటీ పెంచాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే "ప్రివెంట్ ఓవర్‌ల్యాప్" టిక్ పెట్టాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ పటంలో పైన ఉన్నది గొప్పదీ కాదు, కింద ఉన్నది తక్కువదీ కాదు. ఎడమ, కుడి, పైన, కింద వీటికి అర్థం లేదు. మళ్లీ నడిపిస్తే పటం తిరగబడి కూడా రావచ్చు. అర్థం ఉన్నది గీతకే.

రంగుల కోసం అప్పియరెన్స్ భాగంలో నోడ్స్, పార్టిషన్, రకం ఎంచుకొని అప్లై నొక్కితే వ్యక్తులకు ఒక రంగు, ఊళ్లకు ఒక రంగు వస్తాయి. సైజు కోసం ర్యాంకింగ్‌లో డిగ్రీ ఎంచుకోవాలి. ఎక్కువ గీతలు ఉన్న బిందువు పెద్దదిగా కనిపిస్తుంది.

ఇప్పుడు పటం చూడండి. అన్నిటికంటే పెద్ద బిందువు రావి నారాయణరెడ్డి గారిది, డిగ్రీ 3. ఖమ్మంకు 2, కొండా వెంకట రంగారెడ్డి గారికి 2, మిగతా అన్నిటికీ 1 చొప్పున. "కనెక్టెడ్ కాంపోనెంట్స్" నొక్కితే పటం 9 ముక్కలుగా ఉందని చెబుతుంది. వాటిలో 7 ముక్కలు ఒట్టి జంటలు. ఆ జంటల్లో ఒకటి జోగిపేట, సురవరం ప్రతాపరెడ్డి. మొత్తం మహాసభ మొదలైన ఊరు పటంలో ఒక మూలకు చిన్న చుక్కగా పడి ఉంది!

జల్లెడ పట్టడం

పెద్ద పటాల్లో వేల బిందువులు ఉంటాయి. అన్నీ ఒకేసారి చూడలేం. అందుకు ఫిల్టర్లు ఉన్నాయి, జల్లెడ అనుకోండి. ఎడ్జ్‌ల సంవత్సరం మీద రేంజ్ ఫిల్టర్ పెట్టి 1930 నుంచి 1937 వరకు అంటే 6 గీతలే మిగులుతాయి. 1940 నుంచి 1946 వరకు అంటే 7 గీతలు. కాలం మారుతుంటే పటం ఎలా మారిందో ఇలా చూడవచ్చు.

"డిగ్రీ రేంజ్" జల్లెడలో 2, అంతకంటే ఎక్కువ అని పెడితే 22 బిందువుల్లో 3 మాత్రమే మిగులుతాయి. "జెయింట్ కాంపోనెంట్" అనే ఇంకో జల్లెడ అన్నిటికంటే పెద్ద ముక్కను ఉంచి మిగతా అంతటినీ దాచేస్తుంది. దాన్ని పెడితే రావి నారాయణరెడ్డి, చిలుకూరు, భువనగిరి, ఖమ్మం, పులిజాల వెంకటరంగారావు అనే 5 బిందువులు మిగులుతాయి. జోగిపేట తెర మీద ఉండదు. చూడడానికి పటం శుభ్రంగా, అందంగా ఉంటుంది. కానీ ఆ పటం మాత్రమే చూసినవారికి జోగిపేటలో సభ జరిగినట్టే తెలియదు.

కంప్యూటర్ అబద్ధం చెప్పలేదు. మనం అడిగిన ప్రశ్నకే జవాబు ఇచ్చింది. మన ప్రశ్న "ఎవరు ఎక్కడ అధ్యక్షత వహించారు?" అన్నది ఒక్కటే.

గీత అర్థం మారిస్తే పటం మారుతుంది

ఇప్పుడు ప్రశ్నను కొంచెం పెద్దది చేద్దాం. "ఎవరు ఎక్కడ ఏ ప్రజాకార్యం చేశారు?" అని అడుగుదాం. గీతల పట్టికలో మరో 5 వరుసలు కలపండి.

సురవరం ప్రతాపరెడ్డి – హైదరాబాద్ – 1926 – గోలకొండ పత్రిక
మాడపాటి హనుమంతరావు – హైదరాబాద్ – 1928 – బాలికల పాఠశాల
నడింపల్లి సుందరమ్మ – జోగిపేట – 1930 – మహిళా సభ అధ్యక్షత
భాగ్యరెడ్డి వర్మ – హైదరాబాద్ – 1911 – మన్య సంఘం
భాగ్యరెడ్డి వర్మ – బెజవాడ – 1917 – ఆది ఆంధ్ర సభ అధ్యక్షత

1930లో జోగిపేటలో మహాసభతో పాటు మహిళా సభ కూడా జరిగింది. దానికి నడింపల్లి సుందరమ్మ గారు అధ్యక్షురాలు. భాగ్యరెడ్డి వర్మ గారి పేరు మన హాస్టల్లో తెలియనివారు ఉండకూడదు. 1888లో హైదరాబాద్‌లో పుట్టి, దళితుల చదువు కోసం, గౌరవం కోసం జీవితమంతా పనిచేశారు. 1917లో బెజవాడ సభను పంచమ సభ అని పిలిస్తే ఒప్పుకోక, మనం ఈ నేల మొదటి బిడ్డలమని ఆది ఆంధ్ర అనే పేరు పెట్టించారు. ఇంత పెద్ద మనిషి మన మొదటి పటంలో ఒక చుక్కగా కూడా లేరు. ఎందుకంటే మేము మొదట ఎంచుకున్న గీతకు మహాసభ అధ్యక్షత ఒక్కటే అర్హత.

కొత్త పటంలో 25 బిందువులు, 18 గీతలు, 7 ముక్కలు. అన్నిటికంటే పెద్ద బిందువు ఇప్పుడు హైదరాబాద్, డిగ్రీ 4. జెయింట్ కాంపోనెంట్ జల్లెడ మళ్లీ పెట్టండి. ఈసారి 10 బిందువులు మిగులుతాయి. వాటిలో జోగిపేట ఉంది, సుందరమ్మ గారు ఉన్నారు, భాగ్యరెడ్డి వర్మ గారు ఉన్నారు. రావి నారాయణరెడ్డి గారి ముక్క ఈసారి దాగిపోయింది! 5 వరుసలు కలిపితే ఎవరు మధ్యకు రావాలి, ఎవరు మాయం కావాలి అన్నది తారుమారైంది.

"ఈగో నెట్‌వర్క్" అనే జల్లెడలో జోగిపేట ఐడీ ఇచ్చి లోతు 2 అని పెట్టండి. జోగిపేట, సురవరం, సుందరమ్మ, హైదరాబాద్ అనే 4 బిందువులు కనిపిస్తాయి. లోతు 3 అంటే మాడపాటి, కొండా, భాగ్యరెడ్డి వర్మ కూడా వచ్చి 7 అవుతాయి. ఇక్కడే ఇంకో జాగ్రత్త. భాగ్యరెడ్డి వర్మ నుంచి హైదరాబాద్ మీదుగా కొండా వెంకట రంగారెడ్డి దాకా దారి ఉంది కదా అని, వాళ్లిద్దరూ కలిసి పనిచేశారని ఈ పటం చూసి చెప్పకూడదు. పటం చెప్పేది ఇద్దరూ ఒకే నగరంలో ఏదో ఒక పని చేశారని మాత్రమే. ఒకరు 1911లో, ఒకరు 1943లో. దారి ఉండడం వేరు, పరిచయం ఉండడం వేరు.

రేషన్ కార్డు దాకా వచ్చిన గీత

ఇదంతా చరిత్ర పాఠానికే కదా, మన ఇంటికి ఏం సంబంధం అనుకుంటున్నారా? ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2014 ఆగస్టు 19న ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిపింది. ఆ తర్వాత సంవత్సరాల్లో సమగ్ర వేదిక అనే కంప్యూటర్ వ్యవస్థను తయారు చేయించింది. వాహనాలు, ఆస్తులు, పింఛన్లు, రేషన్ ఇలా వేర్వేరు శాఖల రికార్డులను కలిపి, ఏ రికార్డు ఏ మనిషిదో, ఆ మనిషికి ఏ ఇంటితో, ఏ వస్తువుతో సంబంధం ఉందో గీతలు గీసే వ్యవస్థ అది. శాఖలన్నిటిలో పేరు ఒకేలా ఉండదు కాబట్టి, దగ్గరగా ఉన్న పేర్లు, చిరునామాలు చూసి "ఇద్దరూ ఒకరే" అని యంత్రం అంచనా వేస్తుంది. కొండా వెంకట రంగారెడ్డి, కె.వి. రంగారెడ్డి ఒకరేనని మనం తెలిసి చెప్పాం. అక్కడ ఆ పని యంత్రం చేసింది.

అంచనా సరైతే మంచిదే, అనర్హులు తేలిపోతారు. తప్పైతే? 2024 జనవరిలో అల్ జజీరా ప్రచురించిన పరిశోధన కథనంలో హైదరాబాద్‌కు చెందిన ఒక పేద వృద్ధురాలి సంగతి ఉంది. ఆమె భర్త రిక్షా తొక్కేవాడు. ఆయన పేరుకు దగ్గరగా పేరున్న మరొకరి కారును యంత్రం ఆయన ఖాతాలో వేసింది. కారున్న కుటుంబం అని వారికి రేషన్ అందలేదు. ఒక్క తప్పు గీత, ఇంట్లో బియ్యం లేవు.

రాష్ట్రంలో లక్షల కార్డులు ఇలా ఇంటికి వచ్చి విచారించకుండానే రద్దయ్యాయని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ న్యాయస్థానానికి వెళ్లారు. రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. దీని అర్థం ఏమిటి? పటంలో గీత కనిపిస్తే అది విచారణకు మొదలు కావాలి, తీర్పు కాకూడదు. ఇంటికి వెళ్లి చూసి, మనిషిని అడిగి, ఆ తర్వాతే నిర్ణయించాలి.

మన హాస్టల్లో చాలామంది ఇళ్లలో రేషన్ బియ్యమే వండుతారు. స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు పదో తరగతి మెమో, ఆధార్, కుల ధ్రువపత్రం పెడతాం. అందుకే మేము చెప్పేది: మీ పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అన్ని పత్రాల్లో ఒకేలా ఉన్నాయా అని ఇప్పుడే చూసుకోండి. తేడా ఉంటే పరీక్షల ఫారం నింపేటప్పుడే వార్డెన్ సారుకు, హెడ్‌మాస్టరు గారికి చెప్పి సరిచేయించుకోండి. ఇంట్లో ఎవరికైనా పింఛన్ గానీ రేషన్ గానీ కారణం చెప్పకుండా ఆగితే "కంప్యూటర్‌లో అలా వచ్చింది" అన్న మాటతో తిరిగి రావద్దు. ఏ శాఖ రికార్డు, ఏ పేరు, ఏ ఆస్తి చూసి ఆపారో రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు చట్టం 2005 ఆ హక్కు ఇచ్చింది. జాతీయ ఆహార భద్రతా చట్టం 2013 ప్రకారం రేషన్ ఫిర్యాదులు వినడానికి జిల్లాలో ఒక అధికారి ఉండాలి.

హాస్టల్లో మీరు చేయదగిన పని

పాఠం చదివి వదిలేస్తే మరచిపోతారు. అందుకని ఒక పని సూచిస్తున్నాం. మన హాస్టల్ పూర్వ విద్యార్థుల పటం తయారు చేయండి. బిందువులు మూడు రకాలు: పూర్వ విద్యార్థి, చదివిన కాలేజీ లేదా ఐటీఐ, పనిచేసే చోటు. గీతలు రెండు రకాలు: "చదివారు", "పనిచేస్తున్నారు". పటాన్‌చెరు, సంగారెడ్డి వైపు పరిశ్రమల్లో మనవాళ్లు ఎందరో ఉన్నారు. పదో తరగతి పిల్లవాడు పాలిటెక్నిక్‌కు పోవాలనుకుంటే, ఆ కాలేజీ బిందువు మీద మౌస్ ఉంచగానే అక్కడ చదివిన అన్నలు, అక్కలు వెలుగుతారు. అడగడానికి ఒక మనిషి దొరకడం ఎంత పెద్ద విషయమో హాస్టల్లో చదివినవారికి తెలుసు.

కానీ కొన్ని నియమాలు పాటించండి.

1. ఎవరినైనా అడిగి, ఒప్పుకున్నాకే పటంలో చేర్చాలి. వద్దన్నవారిని తీసేయాలి.
2. కులం, ఆదాయం, ఫోన్ నంబరు, ఆధార్ నంబరు పటంలో పెట్టకూడదు. ఫోన్ నంబర్లు వార్డెన్ సారు దగ్గర విడిగా పుస్తకంలో ఉండాలి.
3. ప్రతి గీత పక్కన ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో రాయాలి. ఉద్యోగం మారితే గీత కూడా మారాలి.
4. మొరెనో లాగా "ఎవరికి ఎవరు స్నేహితులు?" అనే పటం గీసి గోడకు అంటించవద్దు. ఏ గీతా తగలని చుక్క పక్కన తన పేరు చూసుకున్న పిల్లవాడి మనసు ఎలా ఉంటుందో ఆలోచించండి. అలాంటి పటం అవసరమైతే పెద్దల చేతిలోనే ఉండాలి. ఒంటరిగా ఉన్నవాడి పక్కన కూర్చోబెట్టడానికే అది వాడాలి.

కంప్యూటర్ దొరకకపోయినా ఆగవద్దు. చార్టు మీద గుండుసూదులు గుచ్చి రంగు దారాలు కట్టండి. ఒక రంగు దారం చదువుకు, ఒక రంగు దారం ఉద్యోగానికి. ఒక రంగు దారాలు విప్పేస్తే అదే ఫిల్టర్, సూదులు జరిపితే అదే లేఅవుట్.

అభ్యాసం

1. పై 25 బిందువుల పటంలో కందిని జోగిపేటతో కలపాలంటే ఏ గీత చేర్చవచ్చు? ఆ గీతకు అర్థం ఒక వాక్యంలో రాయండి.
2. కొండా వెంకట రంగారెడ్డి గారికి రెండు ఐడీలు ఇస్తే మొదటి పటంలో ముక్కలు 9 నుంచి ఎన్ని అవుతాయి?
3. మీ ఊరి చరిత్రలో పేరు రాయని ఒకరిని ఎంచుకోండి. వారు పటంలోకి రావాలంటే గీతకు ఏ అర్థం పెట్టాలి?

రెండో ప్రశ్నకు జవాబు 10. ఎలాగో మీరే గీసి చూడండి. మూడో ప్రశ్నకు జవాబు మా దగ్గర లేదు, మీ ఊళ్లో పెద్దవాళ్ల దగ్గర ఉంది. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు అడిగి రాసుకొని రండి. వచ్చే వార్షికోత్సవ సంచికలో ఆ పేర్లన్నీ అచ్చులో చూడాలని మా కోరిక.